వాలు మామయ్య

మా మామయ్య లాంటి తాపీమేస్త్రీ లోకంలో ఇంకొకడు లేడు. మొదటిసారి సముద్రం చూపిస్తే, నడుం మీద చేతులేసుకుని కాసేపు చూసి, "వాలు సరిగ్గా పెట్టలేదు. అందుకే నీళ్లు నిలిచిపోయాయి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. బడి ఎగ్గొట్టినవాడికి ఇలాంటివి చాలా కనిపిస్తాయి.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఓ గాజు గోలీ ఉంటుంది. ఎవరింటికెళ్లినా పలకరింపుల కంటే ముందు అది నేల మీదికి దిగుతుంది. జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే అక్కడా వదిలాడు. "నా జ్వరం సంగతి సరే డాక్టరుగారూ, మీ గది వాలు గుమ్మంవైపుంది. అందుకే రోగులు నిలవట్లేదు."

అలాంటి మనిషి చేతిలో మా స్నానాలగది పడింది. పోయిన వానల్లో అమ్మమ్మ అందులో జారిపడింది. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. తలుపు బార్లా తీసి, మా అమ్మ రెక్క పట్టుకుంటే తప్ప షవర్ కిందికి వెళ్లదు.

"తలుపేసుకుని నా స్నానం నేను చేసుకుంటే చాలురా" అంది కొడుకుతో. అంతే, మర్నాటికి పాత గచ్చు లేదు.

నేను అద్దంలా మెరిసే టైల్స్ తెచ్చాను.

"అల్లుడూ, ఇందులో మొహం కనిపిస్తోందిరా."

"బాగుంది కదా మామయ్యా!"

"దేనికి? పడేటప్పుడు చూసుకోడానికా?"

వాటిని తిప్పి పంపి, అరచేయంత గరుకు టైల్స్ ఏరుకొచ్చాడు. షవర్‌కి ఎదురుగోడ కింద నీళ్లు పోయేందుకు పొడుగాటి జాలీ పెట్టి, దానివైపు వాలుగా సిమెంటు వేశాడు. గట్టిపడ్డాక గోలీ వదిలాడు. అది సగంలో ఆగింది.

"దీనికేదో అనుమానమొచ్చింది" అంటూ మొత్తం పగలగొట్టాడు. మళ్లీ వేశాడు. మళ్లీ పగలగొట్టాడు. ఇంటిల్లిపాదీ పక్కింటివాళ్ల దయ మీద స్నానాలు చేశాం.

"ఒరేయ్, నేను పోయేలోగా అవుతుందా?" అంది అమ్మమ్మ.

"నీకేం తొందరమ్మా? ముందు నీళ్లు పోనీ."

చివరికి టైల్స్ పరిచి చెంబుడు నీళ్లు పోస్తే, ఒక్క చుక్క కూడా దారిలో కబుర్లకి ఆగకుండా జాలీలోకి దూకాయి. హమ్మయ్య అనుకుని హాల్లో అమ్మమ్మ చెక్క స్టూలు మీద కూర్చున్నాను. వెల్లకిలా పడ్డాను! చూస్తే వెనక కాళ్లు రెండూ కాస్త కోసేసి ఉన్నాయి.

"అమ్మా! మామయ్యకి ముదిరిపోయింది! స్టూలుకి కూడా వాలు పెట్టాడు!"

మామయ్య స్టూలు పట్టుకెళ్లి, షవర్ కింద, కోసిన కాళ్లు గోడవైపు వచ్చేలా వేశాడు. దాని మీద గోలీ ఉంచాడు.

గోలీ కదల్లేదు.

"వాలు నీళ్లకి. అమ్మకెందుకు?" అన్నాడు.

అమ్మమ్మ లోపలికెళ్లింది. గడియ పడింది. అమ్మా, నేనూ, మామయ్యా ఊపిరి బిగబట్టి తలుపుకి చెవులానించాం. నీళ్ల చప్పుడు. కాసేపటికి కూనిరాగం. ఆ తర్వాత ఓ కేక: "ఎవర్రా తలుపు దగ్గర? పనీపాటా లేవా?"

అమ్మ నవ్వుతూ అక్కడే చతికిలపడింది. మామయ్య గోలీని జేబులో వేసుకున్నాడు.

ఆ సంబరంలో, చూడ్డానికొచ్చిన పక్కింటాయనకి సముద్రం కథ ఎత్తుకున్నాను. మామయ్య మధ్యలోనే అడ్డొచ్చాడు.

"నేనలా అనలేదు. జాలీ ఎక్కడ పెట్టారని అడిగానంతే."