రంగు గీకిన చోటు

నా కారు చూసే ఎలక్ట్రికల్ మేస్త్రి పోయారని ఈ పొద్దున అరకు సంతలో తెలిసింది. అల్లం ఏరుకుంటుంటే, ఆయన షెడ్డు పక్కన టీ కొట్టు నడిపే ఆవిడ నా భుజం తట్టి, "మీ మేస్త్రి తెల్లారగట్ల పోనాడమ్మా" అంది. తలూపి మళ్లీ అల్లమే ఏరాను. ఎంతసేపు ఏరానో తెలియదు. మంచులో మనుషులు మసకమసకగా కదులుతున్నారు. అందులోంచి ఆయన దగ్గు వినిపిస్తుందేమోనని చెవి రిక్కించాను.

నా ఇల్లు విశాఖలో, ఉద్యోగం అరకులో. ఘాట్‌రోడ్డు మీద లారీల వెనక పాకలేక నా పాత కారుకి జోరు పెంచే సూపర్‌ఛార్జర్ పెట్టించాను. అదో పిచ్చి. పెట్టినవాళ్లు ఇంజనులోకి గాలి దండిగా కూరారు గానీ, దానికి తగ్గ పెట్రోలు సంగతి మరిచారు. అనంతగిరి ఎక్కుడులో ఇంజను టకటకలాడేది. ఇలాగే తిప్పితే పిస్టన్లు కరిగిపోతాయని చెప్పింది మేస్త్రి ఒక్కరే. "దీనికి ఊపిరెక్కువ, నీళ్లు తక్కువ" అన్నారు. పెట్రోలుని ఆయన నీళ్లనేవారు, నల్ల వైరు బిగించే ఇనుప బాడీని, అంటే ఎర్తుని, నేల అనేవారు.

పెట్రోలు పంపుకి వోల్టేజీ బూస్టర్ పెట్టాలని తేల్చారు. గాలి ఒత్తిడి పెరగ్గానే అది పంపుకి వోల్టేజీ పెంచి, జోరుగా తోడిస్తుంది. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. స్టూలు మీద కూర్చుని ఆయన చెప్పడం, డిక్కీలో దూరి నేను చెయ్యడం. బ్యాటరీ నుంచి లావు వైరు లాగాం, మధ్యలో ఫ్యూజు పెట్టాం. ప్రతి అతుకునీ కళ్లు మూసుకుని వేళ్లతో తడిమేవారు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు.

"నల్ల వైరు నేలకి కట్టీ. రంగు గీకినావేటి గుంటా?"

కారుకి కొత్తగా వేయించిన నీలం రంగు. గీకడానికి మనసొప్పక, వైరు రంగు మీదే బిగించేశాను.

"గీకాను బాబాయ్" అన్నాను.

షెడ్డులో, ఇంజను మీద బరువు పడనప్పుడు, మీటరు బాగానే చూపించింది. ఎక్కుడులో మళ్లీ టకటక. వచ్చి చెబితే ఆయన తన చేతులకేసి చూసుకున్నారు.

"నాను సెప్పడంలోనే ఏదో తప్పిపోనాది. ఇక సాలు. రేపట్నుంచి షెడ్డు తియ్యను."

నా చిన్న అబద్ధానికి ఆయన పనే మానుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"గీకలేదు బాబాయ్. రంగు పాడవుతుందని..."

తిడతారనుకున్నాను. దగ్గొచ్చేదాకా నవ్వారు. "రంగు మీద కూకుంటే కరెంటు ఇంటికెలాగెల్తాదే? నేల తగలాల" అంటూ లేచి, ఆకురాయి తీసుకుని, వణికే చేత్తో తనే గీకారు. రూపాయి బిళ్లంత మేర ఇనుము తెల్లగా బయటపడింది. వైరు బిగించి చుట్టూ గ్రీజు పూశారు.

ఘాట్ దిగి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే మళ్లీ ఎక్కాను. కాఫీ తోటల మలుపుల్లో ఇంజను ఒక్కసారైనా తడబడలేదు. ఆయన అద్దం దించి, కళ్లు మూసుకుని విన్నారు. ఆ మంచులో మేం రోడ్డు మీద పోతున్నామో, నిద్రలో పోతున్నామో తెలియలేదు. "తాగతంది, సూడు" అన్నారు మెల్లగా. మర్నాడు షెడ్డు తీశారు. మొన్న మంచాన పడేదాకా తీస్తూనే ఉన్నారు. ఆ రోజు నోరు విప్పినందుకు నాకు నేనే దణ్ణం పెట్టుకుంటాను.

ఈ మధ్యాహ్నం ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చాం. వచ్చాక డిక్కీలో మ్యాట్ ఎత్తి, గ్రీజు కాస్త తుడిచాను. ఆకురాయి గీతలు వంకరటింకరగా, ఆయన చెయ్యి ఎలా వణికిందో అలాగే ఉన్నాయి. తుప్పు పట్టలేదు. కళ్లు మూసుకుని వాటిని వేలితో తడిమాను.