ముల్లు తీసిన ముద్దలు

మా అమ్మాయికి మూడో ఏడు నడుస్తున్నంత కాలం నేను ఈ లోకంలో ఒకే ఒక్కదానికి భయపడ్డాను. మా అత్తయ్యగారు రోజూ తన కంచం అంచున చేసి పెట్టే చేప ముద్దలు ఎప్పటికైనా నా పిల్ల నోట్లో పడతాయేమోనని. పాముకీ పిడుగుకీ గోదావరి వరదకీ కూడా నేనంత భయపడలేదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఆ ఇంట్లో నాలుగు పూటలు కూర్చుని తిని ఉంటే మీకే తెలిసేది.

మాది రాజమండ్రి. మా ఇంట్లో అన్నం దగ్గర కూర్చోవడమంటే సంతలో కూర్చున్నట్టే. నాన్న స్కూలు కబుర్లు, అమ్మ చర్చి కబుర్లు, చేప తలకాయ కోసం అన్నయ్యతో నా తగువు. అందులో అందరికన్నా పెద్ద వాగుడుకాయని నేనే. నోట్లో ముద్ద పెట్టుకుని కూడా గలగలా మాట్లాడేసేదాన్ని. చెయ్యి కడుక్కున్నాక ఏం కూరే తిన్నావు అని ఎవరైనా అడిగితే కాసేపు ఆలోచించుకోవాల్సి వచ్చేది. అలాంటిదాన్ని తొంభైల చివర్లో గోదావరికి అవతలి ఒడ్డున, కొవ్వూరులో ఇచ్చారు. వాళ్ళదీ మాలాగే లూథరన్ కుటుంబమే. మావయ్యగారు రిటైరైన హెడ్మాస్టరు, మా ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా, ఆయనొక్కడే కొడుకు. బ్రిడ్జి దాటితే పుట్టిల్లు. ఇంకేం కావాలి, నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను.

మొదటి రోజు మధ్యాహ్నం చాపలు పరిచారు. మావయ్యగారు ప్రార్థన చేశారు. ఆమెన్ అన్న తర్వాత ఆ ఇంట్లో ఇక ఒక్క మాట లేదు. నేను ఊరుకుంటానా? "అత్తయ్యగారూ, పులుసు భలే కుదిరిందండీ" అన్నాను. ఎవరూ తల ఎత్తలేదు. అత్తయ్యగారు మాత్రం నా వైపు చూశారు. నా మొహం వైపు కాదు, నా గొంతు వైపు. ముద్ద నా నోట్లోకి వెళ్ళిన దగ్గర్నించి గొంతు దిగేదాకా ఆవిడ కళ్ళు దాని వెంటే వచ్చాయి. అది దిగాక మావయ్యగారి గొంతు మీదికి, అక్కణ్ణించి మా ఆయన గొంతు మీదికి, మళ్ళీ నా మీదికి. కోడలు ఎక్కువ తింటోందేమోనని లెక్క చూసే అత్తల గురించి విన్నాను గానీ, గుటక గుటకకీ కాపలా కాసే అత్తని ఎక్కడా వినలేదు.

అది అలా ఉండగా, ఆవిడ చేతులు వేరే పని చేస్తున్నాయి. కంచంలో చేప ముక్క విడదీసి, వేళ్ళ కొసలతో తడిమి తడిమి, వెంట్రుకంత ముల్లు కూడా లాగేసి పక్కన పెడుతున్నారు. ఆ చేపని కొంచెం అన్నంతో మెత్తగా నలిపి, రేగిపండంత ముద్దలు చేసి, కంచం అంచున వరసగా పేర్చారు. పెద్దవాళ్ళు తినే ముద్దలు కావు అవి. పాలపళ్ళ నోటికి సరిపోయేవి. ఎవరికి పెడతారా అని చూశాను. ఆ ఇంట్లో పిల్లలు లేరు. అందరం లేచాక ఆవిడ ఆ ముద్దల్ని ఒక గిన్నెలోకి తీసి, పైన మూత పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

వంటింటి కిటికీలోంచి చూస్తే, బట్టలుతికే బండ మీద ఇంటి వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఎవరో ఉన్నట్టు ముందుకి వంగి ఉన్నారు. చెయ్యి కదులుతోంది. చాలాసేపటికి లేచి వచ్చారు. గిన్నెలో ముద్దలు లేవు. అంతా చిదిపి, అలికేసి ఉంది. చంటిపిల్లలు అన్నంతో ఆడుకుని వదిలేస్తే కంచం ఎలా ఉంటుందో అలా ఉంది. దాన్ని కోళ్ళకి విదిలించి, గిన్నె కడుక్కుని, ఏమీ జరగనట్టు "కాసేపు నడుం వాల్చమ్మాయ్" అన్నారు నాతో.

ఒక రోజని కాదు, చేప ఉన్న ప్రతి పూటా ఇదే తంతు. చేప లేని పూటలు ఆ ఇంట్లో తక్కువ.

కొన్నాళ్ళకి ఓ మధ్యాహ్నం కారం గొంతుకి అడ్డం పడి నాకు పొలమారింది. మా ఇంట్లో అయితే అమ్మ నెత్తిన రెండు తట్టి, ఎవరో తలుచుకుంటున్నారే అనేది, అంతటితో అయిపోయేది. ఇక్కడ ముగ్గురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. మంచినీళ్ళ గ్లాసు దొర్లిపోయింది. అత్తయ్యగారు నా దవడలు పట్టుకుని నోరు తెరిపించి లోపలికి వేలు పెట్టేశారు. నేను దగ్గుతూనే విడిపించుకుని, నవ్వుతూ, "ఏం లేదండీ, ఎవరో తలుచుకుంటున్నారు" అన్నాను. ఆవిడ మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. మావయ్యగారు కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

ఆ సాయంత్రం మా ఆయన్ని నిలదీశాను. "ఏంటండీ మీ ఇంట్లో ఈ గోల? మనుషులు తిండి తింటున్నారా, తద్దినం పెడుతున్నారా?"

ఆయన లేచి గది తలుపు దగ్గరికి వేశారు. తర్వాత చెప్పారు. "నాకో చెల్లి ఉండేది. క్రిస్మస్ భోజనాల్లో చేప ముల్లు గొంతులో పడింది. అప్పుడు మూడో ఏడు దానికి. ఇంటి నిండా చుట్టాలు, గోలగోలగా ఉంది, చాలాసేపు ఎవరూ చూసుకోలేదు. రాజమండ్రి ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. అప్పట్నించి మా ఇంట్లో అన్నం దగ్గర మాట్లాడం. అమ్మ దగ్గర మాత్రం ఆ ఊసెత్తకు."

"మరి ఆ ముద్దలు?"

"ఏమో. అమ్మ అలా చేస్తుంది. నేనెప్పుడూ అడగలేదు."

అడగలేదట! కన్నకొడుకు! ఆయన అడక్కపోయినా నాకు అర్థమైపోయింది. పోయిన పిల్లకి పెరట్లో అన్నం పెడుతున్నారు ఈవిడ. పొద్దున్నే మోకరించి ప్రార్థన చేసే ఇంట్లో దయ్యాలేంటే, బుద్ధిలేనిదానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆదివారం బడిలో పిల్లలకి బైబిలు కథలు చెప్పినదాన్ని నేను. కానీ ఆ చిదిపేసిన గిన్నె గుర్తొస్తే ఏ వాక్యమూ గుర్తొచ్చేది కాదు. అంత ముళ్ళ భయమైతే హాయిగా కోడి వండుకోవచ్చు కదా, పప్పు తినొచ్చు కదా, పిల్లని మింగిన చేపనే రోజూ ఎందుకు వండటం? చేప లేకపోతే ఆ పిల్ల రాదేమో అనుకునేదాన్ని. అలా అనుకున్న రోజు పెరట్లోకి ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని కాదు.

ఆ ఇంట్లో క్రిస్మస్ కూడా అలాగే జరిగేది. నక్షత్రం కట్టేవాళ్ళు. కడియం తోటల నుంచి చామంతి కుండీలు తెచ్చి మెట్లకి రెండు వైపులా పెట్టేవాళ్ళు. పిండితో వేసిన గులాబీ పువ్వులూ అరిసెలూ డబ్బాల నిండా ఉండేవి. కానీ ఆరాధన ముగిసి ఇంటికి రాగానే మావయ్యగారు గేటుకి గొళ్ళెం పెట్టేసేవారు. చుట్టుపక్కల ఇళ్ళల్లో పాటలు, చుట్టాలు, పిల్లల కేరింతలు. మేము మాత్రం కొత్తబట్టల్లో చాపల మీద కూర్చుని, ఒకరి గుటక ఒకరికి వినిపించేటట్టు తినేవాళ్ళం. గోదావరి మీద రైలు వెళ్తుంటే అది అవతలి ఒడ్డు చేరేదాకా వినిపించేది. సాయంత్రమయ్యాకే గేటు తీసేవారు, అప్పుడే కేకులు పంచడాలూ కబుర్లూ.

ఒకటి మాత్రం చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆ నిశ్శబ్దంలోనే నాకు అన్నం రుచి తెలిసింది. కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ తేడా, పులుసులో మెంతి పడిందో లేదో, వంకాయ ఏ పూట కోసిందో, అన్నీ నాలుకకి తెలిసేవి. ప్రతి ముద్దనీ నాలుకతో తడిమి, నమిలి, చూసుకుని మింగడం నాకూ వచ్చేసింది. పుట్టింటికి వెళ్తే అక్కడి గోలలో రెండు మెతుకులు కూడా సహించేవి కావు. "మా పిల్లని ఏం చేశార్రా అక్కడ, మూగదైపోయింది" అని అమ్మ బెంగపెట్టుకుంది. నాకూ బెంగగానే ఉండేది.

తర్వాత పాప పుట్టింది. చర్చిలో ఓ ముసలావిడ పాప బుగ్గలు పుణికి, "అచ్చు ఆ పిల్లే దిగిందే" అనేసింది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది. పొడిస్తే మాత్రం అన్న మాట పోతుందా?

అత్తయ్యగారు పాపకి నలుగు పెట్టేవారు, నీళ్ళు పోసేవారు, ఊయల ఊపేవారు. కానీ తిండి మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. ఉగ్గుగిన్నె కూడా ముట్టుకునేవారు కాదు. పాప ఏదైనా నములుతుంటే అవతలికి వెళ్ళిపోయేవారు. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు గానీ నేను పట్టించుకున్నాను. అదను కోసం చూస్తున్నారనుకున్నాను. ఆ పిల్ల పోయిన వయసు రావాలి, అప్పుడు పెరట్లో పెట్టే ముద్ద ఇంట్లో పెడతారు అనుకున్నాను. అందుకే పాపకి అందరికన్నా ముందే ముందుగదిలో పప్పన్నం తినిపించేసి, ఆ కంచాల దరిదాపులకి రానిచ్చేదాన్ని కాదు.

పాపకి మూడో ఏడు నడుస్తుండగా క్రిస్మస్ వచ్చింది. చర్చిలో ఆలస్యమైంది. పాప ఆకలికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఇంటికొచ్చి పడుకోబెట్టి, ఇక లేవదులే అనుకుని భోజనానికి కూర్చున్నాను. బొచ్చె చేప పులుసు, మాంసం కూర, పలావు. గేటుకి అప్పటికే గొళ్ళెం పడింది. ప్రార్థన అయింది. మధ్యలో పెరుగు తేవడానికి నేను వంటింట్లోకి వెళ్ళాను.

తిరిగి గుమ్మంలోకి వచ్చి చూద్దును కదా, పాప లేచి వచ్చేసింది. తెల్లగౌనులో, అత్తయ్యగారి కంచానికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. నోరు తెరిచి ఉంది. అత్తయ్యగారి చెయ్యి ముద్దతో సహా గాలిలో ఉంది. మావయ్యగారూ మా ఆయనా బొమ్మల్లా చూస్తున్నారు. ఒక్కరూ కదలరే! ఎవరి పిల్ల అక్కడ కూర్చుందో నాకు ఒక్క క్షణం తెలియలేదు. నా పిల్లో, ఆవిడ పిల్లో.

"వద్దండీ!" అని అరిచాను. పెరుగు గిన్నె కింద పడేసి వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. ఆ ఇంట్లో అన్నం దగ్గర అంత గొంతు ఎన్నేళ్ళకి లేచిందో. "చచ్చిపోయిన పిల్లకి పెట్టే కూడు నా పిల్లకి పెట్టకండి అత్తయ్యగారూ. మీకు దణ్ణం పెడతాను."

మా ఆయన నా పేరు పెట్టి గద్దించారు. ఆవిడకి మాత్రం కోపం రాలేదు. నేనేం అన్నానో అర్థం కానట్టు చూశారు.

"చచ్చిపోయిన పిల్లకి ఎవరైనా పెడతారా అమ్మాయ్? అది దేవుడి దగ్గరుంది. దానికేం లోటు?"

"మరి రోజూ ఆ పెరట్లో ఎవరికి పెడుతున్నారండీ?"

ఆవిడ మొగుడి వైపు చూశారు, కొడుకు వైపు చూశారు. వాళ్ళకీ ఎప్పుడూ చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు.

"పెట్టడానికి కాదమ్మా. చూసుకోడానికి" అన్నారు. "ఆ రోజు ఆ పిల్లకి ముద్ద పెట్టింది నేనే. ముల్లు తీసింది నేనే. చుట్టాలతో మాట్లాడుతూ తీశాను. అందులో ముల్లుండిపోయింది. అప్పట్నించి అలాగే తీస్తున్నాను, అలాగే నలుపుతున్నాను, అంతంత ముద్దలే చేస్తున్నాను. మీ మీద కళ్ళు పెట్టి, ఆ రోజులాగే చేప వైపు చూడకుండానే చేస్తున్నాను. తర్వాత పెరట్లో కూర్చుని ఒక్కోటీ చిదిపి వెతుకుతాను."

మావయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

"ఒక్కదాంట్లో కూడా దొరకలేదమ్మాయ్. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ చెయ్యి ముల్లు వదల్లేదు. మరి ఆ రోజెలా వదిలిందంటావు?"

పక్కింట్లో ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. పాప మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఆకలికి ఏడుపు మొహం పెట్టింది.

"నువ్వు రాకముందే నా చెయ్యి ఆగిపోయిందిలే. నోరు తెరిచింది గానీ పెట్టలేకపోయాను" అన్నారు ఆవిడ. "ఇదిగో, ఇది తీసుకో. చిదిపి చూసి, నువ్వు పెట్టు."

నా భయం అంతా ఎటు పోయిందో తెలియదు. ఆవిడ చెయ్యి ఇంకా నా పట్టులోనే ఉంది. నేను ముద్ద తీసుకోలేదు. చిదపలేదు. ఆ చేతిని అలాగే నా పిల్ల నోటిదాకా తీసుకెళ్ళాను.

పాప నమిలి మింగింది. ఇంకోటి కావాలని మళ్ళీ నోరు తెరిచింది. నేను ఆవిడ చెయ్యి వదిలేశాను. రెండో ముద్ద అత్తయ్యగారు తనే పెట్టారు.