దానియేలు మావకు నేను రాసిపెట్టిన జవాబు

పదహారేళ్లుగా ఒక మాటను లోపల దాచుకుని బతుకుతున్నాను. మా ఆయనకు చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా దాని దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేసేదాన్ని, దేవుడికి తెలియనట్టు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది హౌరా పక్కన లిలువా. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇంగ్లీషు మీడియంలో చదివి, హౌరాలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. మా తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. ‘అమ్మాయికి ఇంగ్లీషు బాగా వచ్చు’ అని నలుగురూ అంటుంటే ఒళ్లు పొంగేది. ఆ పొంగు ఎంత పనికిమాలినదో తర్వాత తెలిసింది.

ఒక రోజు ఆఫీసు కంప్యూటర్లో నాకొక మెయిలు వచ్చింది. ఆఫ్రికాలో ఎక్కడో చావుకు దగ్గరైన ఒక విధవరాలు తన ఆస్తిని దైవభక్తి గల మనిషికి అప్పగించాలనుకుంటోందట. అందులో నా పేరు లేదు, ‘ప్రభువునందు ప్రియమైన’ అని మాత్రం ఉంది. సంగతి ఎవరికీ చెప్పవద్దని ఉంది. ఆస్తి నా పేరున మారాలంటే కాగితాల ఖర్చు ముందుగా నేనే పంపాలని ఉంది. వీటిలో ఏ ఒక్కటి చూసినా మోసమని తెలిసిపోవాలి. ఇప్పుడు ఎంత సులువుగా చెబుతున్నాను! అప్పుడు మాత్రం పెళ్లికి మా అమ్మ పెట్టిన గొలుసు అమ్మి పంపాను. లోకల్ ట్రైన్లో ఎవరో తెంపుకుపోయారని మా ఆయనతో చెప్పాను. పాపం, ఆయన రెండు రోజులు స్టేషన్లో పోలీసుల చుట్టూ తిరిగాడు. అక్కడి నుంచి ఇంకో ఖర్చు, మరో ఖర్చు అంటూ మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. పంపడానికి ఏమీ లేక ఆగిపోయానే గాని తెలివి వచ్చి కాదు. ఇలాంటి మోసాల గురించి ఒకసారి పేపర్లో చదివాక గాని నా కళ్లు తెరుచుకోలేదు.

అప్పుడైనా చెప్పానా? లేదు. ఇంగ్లీషు వచ్చిన మనిషిని కదా.

దానియేలు మావ మా నాన్న స్నేహితుడు. వర్క్‌షాపులో ఫిట్టరు. నాన్న పోయాక మాకు పెద్దదిక్కు ఆయనే. చదువు రాదు. కూతురు గల్ఫ్‌లో నర్సు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు, తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మెయిలు చేసేది. పార్టీ ఆఫీసు పక్కన ఇంటర్నెట్ కొట్టు నడిపే బెంగాలీ ఆయన్ని అందరం దాదా, అంటే అన్నా, అని పిలిచేవాళ్లం. మావ మెయిలుకు వచ్చినవన్నీ ఆయన కాగితం మీద తీసి ఇస్తే, మావ తెచ్చి నా చేత చదివించుకునేవాడు.

నా గొలుసు పోయిన మరుసటి ఏడు, ఒక బంద్ రోజున వచ్చాడు. రైళ్లూ బస్సులూ లేవు కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, పేపరు చదువుకుంటూ. మావ కూతురి ఉత్తరం చదివించుకుని ఇంకో కాగితం తీశాడు.

“అమ్మా, దాదా ఇదొకటి కూడా ఇచ్చినాడు. మా పిల్ల రాసినట్టు నేదు. ఏటుందో సూడు.”

చూశాను. అదే విధవరాలు. పేరు వేరు, అంతే. నా మెయిల్లో ఏ మాటకు అక్షరం తప్పు పడిందో, ఇందులోనూ ఆ మాటకే తప్పు పడింది. అందులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను.

“నిజమేనేటమ్మా ఇది?”

మా ఆయన పేపరు మీంచి తలెత్తాడు.

“నిజంలాగే ఉంది మావా,” అన్నాను.

“అయితే జవాబు రాసి పెట్టు. మన సర్చికి రేకులు తీయించి శ్లాబు ఏయించొచ్చు. మీ అత్తకీ ఓ మంచి ఇల్లు అమురుతాది.”

ఎందుకు అలా అన్నాను? అబద్ధమని చెబితే నీకెలా తెలుసని మా ఆయన అడుగుతాడని భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది సాకు. పేపర్లో చదివానంటే సరిపోయేది, చదివిన మాట నిజమే కూడా. అసలు కారణాలు వేరే ఉన్నాయి. ఒకటి, ఆయన ఉత్తరం ఏ మూలనో నిజమైతే నాదీ నిజం కావచ్చనే దిక్కుమాలిన ఆశ. రెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఈ లోకంలో నేనొక్కదాన్నే బుద్ధిలేనిదాన్ని కాకూడదని అనిపించింది. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి నా పక్కన వచ్చి పడితే నా సిగ్గు సగం తగ్గుతుందనిపించింది.

మర్నాడు ఆఫీసులో కూర్చుని జవాబు టైపు చేశాను. ఆ తర్వాతవి రెండూ కూడా నేనే.

మావ రిటైరై అప్పటికి మూడు నెలలు. క్వార్టరు ఖాళీ చేసేలోపు చిన్న ఇల్లు కొనుక్కుందామని దాచిన సొమ్ము మూడు విడతల్లో పోయింది. తర్వాత అటు నుంచి జవాబు రాలేదు. మావా అత్తా టికియాపారాలో ఒక అద్దె గదికి మారారు. వాన పడితే గుమ్మం దాకా నీళ్లు వచ్చేవి.

ఆ ఏడు ఒక ఆదివారం, ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయానికి మావ లేచి నిలబడ్డాడు. నేను పాటల బృందంలో, ఆయనకు ఎదురుగా ఉన్నాను.

“నాను మోసపోయినాను,” అన్నాడు. “సదువు నేనోడిని, ఆశ పుట్టింది. ఒవులినీ అడగనేదు. మీకెవులికైనా అలాటి ఉత్తరం వొస్తే జవాబు రాయకండి. పది మందికీ సూపించండి. సిగ్గుపడకండి.”

ఎవరినీ అడగలేదట. దేవుడి సన్నిధిలో ఆ ముసలాయన నా కోసం అబద్ధమాడాడు. వెనక వరసలో కూర్చున్న ఒకావిడ తనకు వచ్చిన అలాంటి కాగితాన్ని ఆ సాయంత్రమే పాస్టరు గారికి చూపించి చింపేసిందని తర్వాత విన్నాను. అక్షరం రాని మనిషి ఒక ఇంటిని కాపాడాడు. నేను చూస్తూ ఊరుకున్నాను.

బయటికి వచ్చాక నా దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి వేశాడు. “నువ్వేటీ మనసులో ఎట్టుకోకమ్మా. నువ్వూ నాలాగే మోసపోనావు, అంతే గదా,” అన్నాడు.

“అవును మావా,” అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. అయినా నేను ఆడిన అబద్ధాలన్నింటిలో అదే పెద్దది.

నాలుగేళ్లకు ఆయన ఆ అద్దె గదిలోనే పోయాడు. సమాధి కార్యక్రమంలో నేను పాట పాడాను. అత్త నన్ను పట్టుకుని ఏడుస్తూ, మీ మావకి నువ్వంటే ప్రాణమే అంది. అప్పుడైనా చెప్పాల్సింది. అత్త కూడా ఇప్పుడు లేదు. క్షమించమని అడగడానికి మనిషంటూ మిగల్లేదు. మిగిలినా, అడిగే హక్కు నాకుందా?

మోసపోవడం తప్పు కాదని మావే చెప్పాడు. నేను ఒప్పుకుంటున్నది మోసపోయానని కాదు. ఆ ఉత్తరం అబద్ధమని నాకు తెలుసు. తెలిసే నిజమన్నాను. తెలిసే జవాబు రాశాను.