గెలిచిన రోజు పిన్ని పెట్టిన ఫొటో

మా పిన్నిది కుట్టుపని. వీధి మలుపులో చిన్న కొట్టు, అందులో రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. బడి పిల్లల యూనిఫాంలూ, పొడుగు తగ్గించాల్సిన ప్యాంట్లూ ఆమెకు బతుకుతెరువు. ఊరి ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు మాత్రం ఆమె ప్రాణం. వాళ్ళ జెర్సీలు కుట్టేదీ ఆమే, జట్టు పేరిట ఫేస్‌బుక్ పేజీ నడిపేదీ ఆమే. ఆట జరుగుతుంటే మైదానం అంచు గీత పక్కన నిలబడి, ఎవరు గోలు కొట్టారో, ఎవరు జారిపడ్డారో ఎప్పటికప్పుడు రాసి పెడుతుంది. అందుకే అందరికీ ఆమె స్కోరు పిన్ని. కోపం వచ్చినప్పుడు బాబాయి కూడా "స్కోరు పిన్నిగారూ" అనే పిలుస్తాడు.

జట్టులో ఒక నర్సు ఉంది, బట్టల దుకాణంలో పనిచేసే అక్కాచెల్లెళ్ళున్నారు, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఆమె ఉంది. ఫైనల్ దాకా వెళ్ళి అక్కడ చతికిలబడడం వాళ్ళకు అలవాటైపోయింది. ఆ ఆదివారం మాత్రం, ఆట ఇక అయిపోతుందనగా, పోస్టాఫీసు ఆమె బంతిని వలలోకి తన్నింది. కప్పు మాదైంది. బురదలో ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్న వాళ్ళను ఫొటో తీసి, పిన్ని ఇలా రాసింది: "ఈరోజు మనవాళ్ళు భూకంపం పుట్టించారు!" ఆ తర్వాత ఫోను సంచీలో పడేసి, తనూ వెళ్ళి ఆ బురదలోనే గంతులేసింది.

ఇంటికి వచ్చేసరికి ఫోను ఆగకుండా మోగుతోంది. మామూలుగా ఆ పేజీని చుట్టాలూ ఆటగత్తెల ఇళ్ళవాళ్ళూ తప్ప ఎవరూ చూడరు. ఊరంతా మెచ్చుకుంటోంది కాబోలనుకుని కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదట కనిపించిన మాట "సిగ్గుందా మీకు?" దాని కింద "శవాల మీద నాట్యమా?" పిన్ని "నేనేం చేశాను?" అని నన్ను అడిగింది. నేను వార్తలు తెరిచి చూపించాను. ఆ ఉదయమే ఎక్కడో దూరదేశంలో భూమి కంపించి, కొండవాలు ఊళ్ళు కూలిపోయాయి. ఆట హడావుడిలో ఆమె ఆ వార్త చూడనేలేదు.

వెంటనే ఫొటో మీద తను రాసిన మాట చెరిపేసి, తెలియక అన్నాను, క్షమించమని పెట్టింది. కానీ అప్పటికే ఎవరెవరో స్క్రీన్‌షాట్ తీసి పంచేస్తున్నారు. వాళ్ళకు ఆ అమ్మాయిల నవ్వే నేరంగా కనిపించింది. మా ఊరివాళ్ళేమో పిన్ని తరఫున వకాల్తా పుచ్చుకుని బూతులకు దిగారు. గంట తిరిగేసరికి భూకంపం సంగతి అందరూ మరిచిపోయి, ఒకరి పుట్టుపూర్వోత్తరాలు ఒకరు తవ్వుకుంటున్నారు. తనను తిట్టినవన్నీ పిన్ని వరసగా చదివింది. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయింది. "ఎక్కడో ఎవరో పోతే మా సంబరం మేం మానుకోవాలా?" రాసింది ఎవరో కాదు, మా బాబాయి. బస్సు డ్రైవరు. డిపోలో బండి పెట్టేసి, దిగకముందే సీట్లో కూర్చుని రాశాడట.

ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే పిన్ని ఫోను చేతికిచ్చింది.

"ఆ మాట తీసెయ్యండి."

"నిన్ను నానా మాటలూ అంటుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"నన్ను అన్నారు, నేను పడ్డాను. మీరు అన్నది వాళ్ళని కాదు, పోయినవాళ్ళని."

బాబాయి కళ్ళజోడు వెతుక్కుని, కూర్చుని, ఆ వాక్యం తీసేశాడు. అప్పుడే ఫొటో కింద కొత్తగా ఇంకొకటి వచ్చింది. రాసింది మా వీధి బేకరీలో పనిచేసే ఆమె.

"అక్కా, ఆ కూలిన ఊళ్ళలో ఒకటి మాదే. మా అన్నయ్య ఫోను ఎత్తడం లేదు. ఫొటో మాత్రం తీసెయ్యకు. పొద్దుటినుంచి నేను చూసినవాటిలో మనుషులు నవ్వుతున్నది అదొక్కటే."

ఏళ్ళ తరబడి రోజూ ఆమె చేతి రొట్టె తింటూ, ఆమెది ఏ ఊరని ఒక్కసారీ అడగలేదే అని పిన్ని తల పట్టుకుంది. చెప్పులు వేసుకుని బయల్దేరింది. వెనకే బాబాయి, నేను.

బేకరీ కిటకిటలాడుతోంది. కప్పు గెలిచామని జనం కేకుల కోసం ఎగబడ్డారు. యజమాని ఊళ్ళో లేడు. ఆమె ఒక చేత్తో పెట్టెలు కడుతూ, రెండో చేత్తో అదే నంబరు నొక్కుతోంది. పిన్ని ఆమెను లోపలికి తీసుకెళ్ళి పిండి బస్తాల పక్కన కూర్చోబెట్టింది. ఎవరూ చెప్పకుండానే బాబాయి ఏప్రన్ కట్టుకుని కౌంటరు వెనక్కి వెళ్ళాడు. జన్మలో రొట్టె కోసి ఎరగడు. రొట్టె అడిగినవాళ్ళకు బిస్కెట్లిచ్చాడు, చిన్న కేకు అడిగినవాళ్ళకు పెద్దది కట్టిచ్చాడు. సణిగినవాళ్ళకు లోపల ఏం జరుగుతోందో మెల్లగా చెప్పాడు. అది విని కొందరు కేకు మాటెత్తకుండా వరుసలోంచి తప్పుకున్నారు. కాసేపటి క్రితం ఫోనులో బూతులు రాసిన మా పక్కింటాయన, అట్టపెట్టెలు మడిచే పని అందుకున్నాడు.

చీకటి పడుతుండగా ఫోను కలిసింది. ఆమె వాళ్ళ భాషలో రెండు ముక్కలు మాట్లాడి, పిన్ని భుజం మీద వాలిపోయి ఏడ్చింది. అన్నయ్య బతికాడు. ఇల్లు లేదు. వాళ్ళను పెంచిన మేనత్త ఆచూకీ తెలియలేదు, ఆ తర్వాతా తెలియలేదు. ఆ మేనత్త ఎలా ఉండేదో, ఎలా కసిరేదో ఆమె చెబుతూ ఉంటే పిన్ని కదలకుండా విన్నది.

ఫొటో పేజీలో అలాగే ఉంది. తిట్లు కూడా ఉన్నాయి, పిన్ని ఒక్కటీ చెరపలేదు. ఇప్పుడు బేకరీ ఆమె సెలవు దొరికినప్పుడల్లా మైదానానికి వచ్చి పిన్ని పక్కన నిలబడుతుంది. ఆట ముదిరితే తన భాషలో గొంతు చించుకుని అరుస్తుంది. ఏమంటోందో మాకు తెలియదు గానీ, రిఫరీ మాత్రం భయంగా అటే చూస్తుంటాడు.