ఫీమేల్ అటెండెంట్

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, వానలు మొదలవుతుండగా, నన్ను డిప్యుటేషన్ మీద నర్సీపట్నం ఆసుపత్రికి పంపారు. అప్పటికి నేను నగరంలోని ఒక వైద్య కళాశాలలో జనరల్ సర్జరీ అసోసియేట్ ప్రొఫెసర్‌ని. పీజీ విద్యార్థులు బయటి ఆసుపత్రుల్లో కొన్ని నెలలు పనిచేయాలన్నది నియమం. అక్కడ వాళ్లకు ఆపరేషన్లు నేర్పడం నా బాధ్యత.

అప్పుడే మా యూనిట్ చీఫ్ రిటైరయ్యారు. వార్డు, ఆపరేషన్ రోజులు, పీజీల థీసిస్‌లు చీఫ్ పేరు మీదే నడుస్తాయి. ఆ కుర్చీలో కూర్చోనివాళ్లకు మా కళాశాలలో ప్రొఫెసర్ పదోన్నతి అందేది కాదు. సీనియారిటీ ప్రకారం అది నాది. నా తర్వాతివాడు ప్రసాద్, నా దగ్గరే కత్తి పట్టడం నేర్చుకున్నవాడు.

ఒక రోజు మా విభాగాధిపతి రామ్మోహన్‌గారు ప్రసాద్‌ని వెంటబెట్టుకుని శిక్షణ చూడడానికి నర్సీపట్నం వచ్చారు. మగ డాక్టరు స్త్రీని పరీక్షించేటప్పుడు పక్కన ఇంకో స్త్రీ ఉండాలి. ఫీమేల్ అటెండెంట్ అంటాం. అది నర్సు పని. ఆయన ఒక రోగిని పరీక్షించబోయే వేళకు నర్సు కాన్పుల గదిలో ఉంది.

"మేడమ్, మీరు కాస్త నిలబడండి" అన్నారాయన.

నర్సు లేకపోతే నన్ను నిలబెట్టడం కళాశాలలోనూ అలవాటే. రోగి మర్యాద కోసం కర్టెన్ పట్టుకుని నిలబడ్డాను.

మంచం మీదున్నది కొండ ఊరి పోలమ్మ. రొమ్ములో గడ్డ. పరీక్షించిందీ, ముక్క తీసి ల్యాబుకు పంపిందీ, ఆపరేషన్ నిర్ణయించిందీ నేను. రామ్మోహన్‌గారు మాత్రం కేసు వివరించమని ప్రసాద్‌కి చెప్పారు. అతను ఆమెను చూడడం అదే మొదలు.

పోలమ్మ చీర సర్దుకుని లేచి కూర్చుంది. "నన్ను సూసింది ఈయమ్మ. ఆ బాబుకేటి తెలుసని సెప్తాడు?"

పీజీలు తలలు దించుకున్నారు. మేడమ్‌కి పేషెంట్ల దగ్గర మంచి పేరేనని రామ్మోహన్‌గారు నవ్వారు. నేను కర్టెన్ వదిలేసి కేసు చివరిదాకా చెప్పాను.

తర్వాత వరండాలో టీ తాగుతూ ఆయన అసలు సంగతి బయటపెట్టారు. చీఫ్‌గా ప్రసాద్ పేరు పంపేశారట. వేళాపాళా లేని ఎమర్జెన్సీలు ఆడవాళ్లకు కష్టమట, నా మేలు కోరే చేశారట. నక్కపల్లి హైవే మీద దెబ్బలు తిని వచ్చినవాళ్లకు ఆ నెలంతా ఆపరేషన్లు చేసింది నేనే. అప్పుడు నేను ఆడదాన్నని ఎవరికీ గుర్తు రాలేదు.

"ఆ కారణమే రాసి సంతకం పెట్టండి సార్" అన్నాను.

"ఎందుకమ్మా పంతం? ప్రసాద్ మీ తమ్ముడి లాంటివాడు."

"మా తమ్ముడైనా నా వెనకే నిలబడాలి సార్."

ఆయన 'పరిపాలనా కారణాలు' అని రాశారు. కోటవురట్ల దగ్గర మా తాతగారి భూములూ మేడా నేను పుట్టకముందే పోయాయి. నడుము వంచడం మాత్రం మా ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదు. బతిమాలలేదు, అప్పీలు చేశాను. నా సీనియారిటీ నిజమేనని పైవాళ్లు ఒప్పుకుని చీఫ్ కుర్చీ నాకిచ్చేసరికి నా సర్వీసు చివరికొచ్చింది. ప్రొఫెసర్‌ని కాకుండానే రిటైరయ్యాను.

చీఫ్‌గా ఉన్న కొద్దికాలం, ప్రాణం మీదికొచ్చిన కేసు కాకపోతే, నర్సు వచ్చేదాకా ఎంతటి ప్రొఫెసరైనా ఆగాల్సిందేనన్నాను. రోగిని చూసినవాళ్లే కేసు చెప్పాలన్నాను. ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే: పదోన్నతి ఎవరిదో ఫైలు కదలకముందే, "మేడమ్, కాస్త నిలబడండి" అన్నప్పుడే తేలిపోతుంది.