తంబాకు చెవులు

క్షమించడం గొప్ప గుణమని నేను ఏ వేదిక మీదా చెప్పలేదు. కనుక ఈ సంగతి రాసేటప్పుడు మాట మార్చుకోవలసిన అవసరం నాకు లేదు.

ఎనభైల మొదట్లో ఎల్లారెడ్డిలో మాకొక చర్చా సంఘం ఉండేది. సైకిల్ షాపు మీది గదిలో ఆదివారాలు కూడేవాళ్లం. ముహూర్తాలు, జాతకాలు, తాయెత్తులు, బాబాలు, ఎవరినీ వదిలేవాళ్లం కాదు. మా నియమం ఒక్కటే: కళ్లతో చూసిందీ, చెవులతో విన్నదీ తప్ప దేన్నీ నమ్మరాదు. ఆ నియమమే మమ్మల్ని ఎంత తేలిగ్గా బోల్తా కొట్టించిందో చెప్పడానికే ఇదంతా.

ఊరు వదిలి వెళ్తున్న ఒక వకీలు తన రికార్డుల పెట్టెను మా సంఘానికిచ్చి పోయాడు. వాటిని వినాలంటే రికార్డు ప్లేయరు కావాలి. కొనేముందు వినిపించే దుకాణం కామారెడ్డిలో స్టేషన్ దారిలో ఒక్కటే ఉంది. మా అధ్యక్షుడైన బడిపంతులు సారు, దుబాయి నుంచి తిరిగొచ్చిన దర్జీ భాయ్, మరో ముగ్గురు సభ్యులు, నేను కలిసి బస్సెక్కాం.

దుకాణం సేటు మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టి రెండు ప్లేయర్లు చూపించాడు. ఒకటి మన దేశంలో చేసినది, సాదాసీదాది. రెండోది ఫారిన్ సరుకు, పైన అద్దం మూత. రెండూ ఒకే ఆంప్లిఫయరుకు, ఒకే స్పీకర్లకు కలిపి ఉన్నాయి. ఒకే రికార్డును ముందు దీని మీద, తర్వాత దాని మీద వేశాడు. ఫారిన్‌ది మోగగానే మావాళ్లు కళ్లు మూసుకుని తలలూపారు.

"చూసిండ్రా సార్, పాటగాడు ఊపిరి తీసుకునుడు గూడ వినవడతది" అన్నాడు సేటు.

నాకు తేడా కనబడలేదు. ఉన్నమాట చెప్పాను. "రెండు ఒక్కతీరుగనే ఉన్నయి."

దుకాణంలోకి అడుగుపెట్టగానే సారు నన్ను ప్రేమగా పరిచయం చేసి ఉన్నాడు, మావాడిది లింగంపేట, వాళ్లవ్వ బీడీలు చేసి చదివించిందని. సేటు దాన్ని పట్టుకున్నాడు.

"నీ తప్పు కాదు తమ్మీ. తంబాకు దుమ్ముల పెరిగిన చెవులు, గిసొంటియి ఎట్ల ఎక్కుతయి?"

మావాళ్లు నవ్వారు. సారు కూడా నవ్వాడు. భాయ్ ఒక్కడే నవ్వలేదు. తర్వాత చేతులెత్తి తీర్మానం చేశారు, ఫారిన్‌దే కొనాలని. వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపోతామని చెప్పారు.

ఆ వారంలో నా పేరు మారిపోయింది. ఊళ్లో ఎక్కడ కలిసినా, నేను ఏదైనా చెప్పబోతే, "ఏ చెవుల్తోని విన్నవే? తంబాకు చెవుల్తోనా?" అనేవాళ్లు. వాదించి బతికేవాడికి మాటే ఆస్తి. నా మాటను వాళ్లు నవ్వులపాలు చేశారు. అంతకన్నా, సాయంత్రాలు చాటలో తునికాకు కత్తిరించి పొగాకు నింపి చుడుతూ, వేళ్లు పసుప్పచ్చబడి, దగ్గుతూ కూర్చునే, నన్ను కన్న మా అవ్వను దుకాణంలోకి లాగి నవ్వారు. దానికి బదులు తీర్చుకోకుండా సంఘం గది మెట్లు ఎక్కకూడదనుకున్నాను.

దారి చూపింది సేటు ఉంగరమే. జాతకం ప్రకారం పెట్టుకున్న రంగురాయి ఉంగరాలంటే నాకు ఒళ్లుమంట. అందుకే ఆ రోజు అతని ముఖం కాదు, చేతినే చూస్తూ కూర్చున్నాను. ఆలోచించగా గుర్తొచ్చింది: ఫారిన్‌ది మోగించిన ప్రతిసారీ ఆ ఉంగరం వాల్యూమ్ నాబ్ దగ్గరికి పోయింది. సౌండు రవ్వంత పెంచితే చాలు, పాట బాగున్నట్టే ఉంటుంది. పెంచారని తెలియదు, మెరుగైందని తోస్తుంది.

భాయ్‌కి చెప్పాను. అతని దుబాయి టేప్‌రికార్డరులో శబ్దాన్ని బట్టి లేచిపడే ముల్లు ఒకటుంది. దాన్నీ, బట్టల మీద గీసే చాక్‌నూ పట్టుకురమ్మన్నాను. నేను మా సంఘం దుప్పటి తీసుకున్నాను. నాగిరెడ్డిపేటలో పూనకమొచ్చి ఎదుటివాడి చేతిలో ఏముందో చెబుతానన్న ఒకాయన ముందు అడ్డంగా కట్టిన దుప్పటి అది. ఆయన పూనకం అక్కడితో దిగిపోయింది.

ఆదివారం దుకాణంలో దుప్పటి విప్పేసరికి పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లూ వచ్చి నిలబడ్డారు.

"ఏంది తమ్మీ, నాటకమాడతవా?" అన్నాడు సేటు.

"నువ్వు వింటవు, చెప్తవు. గంతే. ఏది ఫారిన్‌దో చూడకుంట చెప్పాలె."

"పరదా గట్టు, పందిరి గట్టు. నాకేంది?"

స్పీకరు ముందు టేప్‌రికార్డరు పెట్టాం. సాదాది మోగినప్పుడు ముల్లు ఎంత లేచిందో, ఫారిన్‌ది మోగినప్పుడూ అంతే లేచేలా నాబ్ తిప్పి, రెండు చోట్లా చాక్‌తో గీత పెట్టాడు భాయ్. సేటు ఆ గీతల వైపు చెయ్యి చూపాడు.

"గట్ల సౌండు తగ్గిస్తే ఫారిన్ మాల్ బయటికెట్లొస్తది?"

"తగ్గించలే సేటూ. రెండింటికి ఒక్కటే పెట్టినం. పోయిన ఆదివారం నువ్వెందుకు పెట్టలే?"

సేటు గుమిగూడినవాళ్లను చూశాడు. అంతమంది ముందు వెనక్కి తగ్గలేకపోయాడు. దుప్పటి వెనక భాయ్ రికార్డు వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. సేటు ఒకసారి సరిగ్గా చెప్పాడు, ఒకసారి తప్పు చెప్పాడు, మరోసారి సాదాదాన్ని ఫారిన్‌దనుకుని పాటగాడి ఊపిరిని మెచ్చుకున్నాడు. చివర పాట ఆగి, మళ్లీ మొదలైంది. సేటు బెంచీ మీద చరిచాడు.

"అగో! ఇప్పుడు ఫారిన్‌ది. జమీన్ ఆస్మాన్ ఫరక్, నేలకు నింగికి ఉన్నంత!"

దుప్పటి లాగేశాను. రెండుసార్లూ మోగింది సాదాదే. ఫారిన్‌దాని అద్దం మూత మీద భాయ్ టోపీ తీరిగ్గా కూర్చుని ఉంది. చాయ్ తాగేవాళ్లు పడీపడీ నవ్వారు.

"పోయినసారి అన్న మాట మళ్లొకసారి అను సేటూ."

"తమాషాకే అన్న తమ్మీ. మనసుల వెట్టుకోకు."

"వెట్టుకున్న. అను."

"నీ చెవులు మంచియే, సరేనా?"

"నా చెవుల ముచ్చట కాదు. మా అవ్వ తంబాకు ముచ్చట."

సారు నా చొక్కా పట్టి లాగాడు, "పోనీయిరా" అని. నేను కదల్లేదు. సేటు నేలచూపులు చూస్తూ, "తప్పయింది" అని గొణిగాడు.

"వినవడలే. సౌండు పెంచుడు నీకు బాగొచ్చు గద."

ఈసారి వీధిలోకి వినబడేలా అన్నాడు. సాదా ప్లేయరే కొన్నాం. దాన్ని బస్టాండు దాకా అతనితోనే మోయించాను.

బస్సులో సారు అడిగాడు, "గెలిచినవు, మంచిదే. అంత కఠినం ఎందుకురా?" నేను ఒళ్లోని ప్లేయరును దగ్గరికి జరుపుకున్నాను. చెవులతో విన్నా నమ్మరాదు, నాబ్ మీద ఎవరి చెయ్యుందో చూడాలి అని మా నియమాన్ని సవరించాలని ఆ దారిలోనే అనుకున్నాను. సవరించాం కూడా. సారే ప్రతిపాదించాడు.

కానీ ఆ నవ్వు సేటు ఒక్కడిది కాదు. ప్లేయరు పెట్టిన అలమారా తాళంచెవి నా జేబులోనే ఉండిపోయింది. ఆ రోజు నవ్విన ఎవరినీ రికార్డు మీద ముల్లు పెట్టనివ్వలేదు, ఆ గది మూతబడేదాకా.

ప్లేయరు వచ్చాక మొదటి ఆదివారం అవ్వను లింగంపేట నుంచి తీసుకొచ్చి, గదిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో కూర్చోబెట్టాను. అది అధ్యక్షుడి కుర్చీ. సారు వచ్చి, చూసి, అలమారా వైపు చెయ్యి చాచాడు. ఆ చేతిని పక్కకు జరిపి భాయ్‌ని పిలిచాను. అతను ముల్లు పెట్టాడు. పాట మొదలైంది.

అవ్వ కాసేపు విని, నా వైపు వంగింది. "మంచిగున్నది బిడ్డా. గని ఆ పెద్దసారు ఎందుకు నిలవడ్డడు?"

"నిలవడనీ అవ్వా. నువ్వు విను."