కాంతయ్య తిథికి ఒక సీసా ఏల్

ఇతరుల పనిలో తప్పులు పట్టడమే శరవణ్ ఉద్యోగం. మలేషియాలోని సైబర్‌జయలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నాడు. అంతటివాడికి కూడా తప్పులు పట్టే మనిషి ఇంట్లోనే ఉంది. ఆవిడ కన్నతల్లి రత్నావతి. డెబ్బై తొమ్మిదేళ్లు. కళ్లజోడు జారుతుందేమో గాని ఆవిడ నోరు మాత్రం జారదు.

తండ్రి కాంతయ్య సుంగై సిపుట్ దగ్గర రబ్బరు ఎస్టేటులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పోయి ఏడేళ్లయింది. ఏటా తిథినాడు ఆయన ఫోటో ముందు అరిటాకు వేసి, బతికుండగా ఆయన ఇష్టపడ్డవన్నీ వడ్డిస్తారు. కోడికూర, చేప వేపుడు, మిరియాల చారు, పక్కన ఒక సీసా ఇంగ్లీషు ఏల్. బీరులో అదో రకం, పాలు పోయని కాఫీ రంగులో ఉంటుంది. హారతి అయ్యాక దాన్ని గుమ్మం ముందు మొక్కల మొదట్లో ఒంపేస్తారు. పెద్దలది పెద్దలకే చెందాలి కదా. శరవణ్ అయితే చుక్క ముట్టడు.

ఈ ఏడు తిథికి సీసా కోసం వాకబు చేస్తే, ఇపోలో ఆ సీసాలు తెప్పించే దుకాణం వాడు చేతులెత్తేశాడు. ఇంగ్లండులో దాని తయారీయే ఆపేశారట. వేరే బీరు ఏదైనా పెడదామని శరవణ్ భార్య సుమిత సలహా ఇచ్చింది.

"ఆయన తాగనిది ఆయన ముందు ఎలా ఎడతాం? అదే కావాల. నేకపోతే ఈ ఏడు నాను ఆకే ఎయ్యను," అంది రత్నావతి.

ఆవిడ అన్నదంటే అన్నదే. కాంతయ్యకి శరవణ్ ఒక్కడే కొడుకు. తన హయాంలో తండ్రి తిథి తప్పిపోతుందన్న దిగులుతో అతనికి తిండి సయించలేదు. సరిగ్గా నాలుగు నెలల గడువుంది.

చుక్క ముట్టనివాడు బీరు కాచడానికి కూర్చున్నాడు. విధి అంటే ఇదే మరి. ఇంటర్నెట్‌లో ఎవరో ఓపికున్నవాళ్లు ఆ ఏల్ పాళ్లన్నీ కనిపెట్టి రాసి ఉంచారు. మొలకెత్తించి వేయించిన బార్లీ మూడు రకాలు, చేదుకి హాప్స్ అనే ఎండు పూలు, పులియడానికి ఇంగ్లీషు ఈస్టు, కాస్త నల్లటి పంచదార పాకం. గింజలు వేడినీళ్లలో నానబెట్టాడు. ఆ తీపినీళ్లు వడగట్టి, పూలు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి బకెట్‌లో మూతపెట్టాడు. పాకం సంగతి మాత్రం తర్వాత చూద్దామని వదిలేశాడు.

చలిదేశపు ఈస్టు మన ముప్పై రెండు డిగ్రీల ఉక్కలో వెర్రెత్తిపోయింది. వారానికి మూత తీస్తే గోళ్లరంగు వాసన గుప్పుమంది. రత్నావతి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, సింకులో పారబోసింది.

రెండోసారి బకెట్‌ని పెద్ద నీళ్ల తొట్టిలో దింపి, పొద్దునా సాయంత్రం గడ్డకట్టించిన నీళ్ల సీసాలు చుట్టూ పెట్టాడు.

"పోదుమ్ లా, ఇంక సాలు! ఫ్రీజర్ నిండా నీ సీసాలే. సేపలెక్కడ ఎట్టను?" అని సుమిత రుసరుసలాడింది.

ఈసారి వాసన చక్కగా కుదిరింది. కాకపోతే పాకానికి బదులు ఇంట్లో ఉన్న గులా మెలాకా వేశాడు. తీపి అనగానే మలేషియాలో ఎవరి చెయ్యైనా ఆ కొబ్బరికల్లు బెల్లం మీదికే పోతుంది. రత్నావతి మళ్లీ వాసన చూసింది.

"ఇది సెండోల్ పాయసం రా! మంచు తురిమేసి రోడ్డు మీద అమ్ముకో."

శరవణ్‌కి ఒళ్లు మండింది. "తాగకండానే కాదని ఎలా సెప్తావమ్మా? దాని సంగతి నీకేటి తెలుసు?"

ఆవిడ మొహం చిన్నబోయింది. తన గదిలోకి వెళ్లిపోయింది. అమ్మని అంత మాట అన్నందుకు శరవణ్‌కి ఆ పూటంతా మనసు మనసులో లేదు.

ఐదు వారాలే మిగిలాయి. మూడోసారికి పంచదారలో నిమ్మరసం పిండి సన్నమంట మీద పాకం పెట్టాడు. కాస్త ఎర్రబడగానే దించబోతుంటే రత్నావతి వచ్చి గరిటె లాక్కుంది.

"ఉండు. ఇంకా రంగు రాలేదు. మాడకండా నల్లబడాల."

అరగంట పొయ్యి వదలకుండా కలుపుతూ నిలబడింది. అరిసెల పాకం పట్టిన చెయ్యి కదా, ఆ మాత్రం తెలుస్తుందిలే అనుకున్నాడు శరవణ్.

తిథికి రెండు రోజుల ముందు సీసా మూత తీశారు. సుయ్‌మని నురగ పొంగింది. రత్నావతి ఈసారి వాసన చూడలేదు. తన స్టీలు గ్లాసు తెచ్చి నిండా పోయించుకుని గటగటా సగం తాగేసింది.

"అత్తా!" అంది సుమిత.

రత్నావతి మూతి తుడుచుకుంది. "ఏటలా సూస్తారు? శనివారం శనివారం ఆపీసు మూసినాక మీ నాయన ఒక సీసా తెచ్చీవోడు. సగం ఆయనకి, సగం నాకు. నువ్వు కాపీ అనుకొని, నాకూ కావాలని ఏడిసీవోడివి."

శరవణ్ కుర్చీలో కూలబడ్డాడు. "మరి ఇన్నేళ్లూ నాను మొక్కల్లో ఒంపేస్తుంటే సూస్తూ ఊరుకున్నావా?"

"ఏటని సెప్పాల? ముసల్దానికి బీరు కావాలని కోడలి ముందు అడగమంటావా?"

అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అయినా అసలు భయం అలాగే ఉంది. "ఇంతకీ అదేనా అమ్మా? ఎట్టొచ్చా?"

ఆవిడ ఇంకో గుటక వేసి, నోట్లో తిప్పి, కళ్లు మూసుకుంది. "సేదు రవ్వంత తక్కువైనాది. మీ నాయన గొణుగుతాడు." కళ్లు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. "గొణుక్కుంటూనే తాగీస్తాడు. ఎట్టు."

తిథి ఏ లోటూ లేకుండా జరిగింది. హారతి కళ్లకద్దుకుని శరవణ్ ఏల్ సీసా తీశాడు. ఫోటో ముందు గ్లాసులో సగం పోసి, మిగతా సగం అందరూ చూస్తుండగానే తల్లి గ్లాసులో వంచాడు. ఆవిడ ఎవరికీ సిగ్గుపడకుండా తాగి, ఖాళీ గ్లాసు అతని చేతికిచ్చింది.

"ఒరే, పోయినోడికి ఏడాదికోసారి సాలు. నాను బతికే ఉన్నాను కదా, నాకూ ఏడాదికోసారేనేటి?"